కాకినాడ బే నుంచి కోరంగి మడల దాకా: హైదరాబాద్ బోటు బృందానికి ఒక పగటి ప్రయాణం

హుస్సేన్ సాగర్‌లో తిరిగేవాళ్లకి ఒక చెడ్డ అలవాటు పడుతుంది. ఎప్పుడు వెళ్లినా నీళ్లు ఉన్నచోటే ఉంటాయి. ఆదివారం పొద్దున్నే ఏడింటికి వెళ్లండి, లేదా మనలో ఎవడో ఒకడు లేటుగా లేచాడని తొమ్మిదింటికి వెళ్లండి, సాగర్ అదే మట్టంలో మన కోసం కూర్చుని ఉంటుంది. గాలి ఒక్కటి చూసుకుంటే సరిపోతుంది. ఇదే అలవాటుతో మేము మొదటిసారి కాకినాడ వెళ్లి, కోరంగి మడ అడవుల మధ్య ఒక సన్న పాయలో పడవతో సహా బురదెక్కి ఐదు గంటల పైన కూర్చున్నాం. ఆ కథ కింద చెప్తాను. తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్లాం, బాగానే తిరిగొచ్చాం. అప్పటినుంచి ఎవరు అడిగినా విడివిడిగా చెప్పడం కన్నా ఒకచోట రాసేస్తే మేలనిపించి రాస్తున్నాను.

ఇది ఎనిమిది నుంచి పదిహేను మంది ఉన్న బృందాలకి. రెండు మూడు బోట్లు, వాటికి అక్కడి సరంగులు (బోటు నడిపేవాళ్లు), మనం సాగర్‌లో కాస్త చేయి తిరిగినవాళ్లం, అంతే. మన చిన్న తెరచాప పడవల్ని లారీకెత్తి తీసుకుపోదాం అనే మహానుభావుడు ప్రతి బృందంలోనూ ఒకడుంటాడు. మొదటిసారి వద్దని చెప్పండి. అలగకుండా చెప్పండి, ఎందుకంటే పడవ గురించి ఎక్కువ తెలిసినవాడు కూడా సాధారణంగా వాడే.

ఎందుకు కాకినాడ

ఒకే పగటిలో సముద్రం, ఏరు రెండూ చూడాలంటే గోదావరి మొగలు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట్లు, చాలా ఉన్నాయి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది, వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూడ్డానికి ఎంత బాగుంటుందో, బోటులో దాటడానికి అంత ఇబ్బంది. మొగ దగ్గర ఇసుక మేటలు వేస్తుంది, లోతు తగ్గుతుంది, బయటి నుంచి వచ్చే అల అక్కడికి రాగానే నిలువుగా లేస్తుంది. ఏటి నీరు బయటికి పోతున్న టైములో, ఎదురుగా సముద్రపు అల వస్తే ఇంకా ఘోరం. దీన్ని మొదటి ప్రయాణంలో నేర్చుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

కాకినాడలో ఆ బెడద తక్కువ. గోదావరి తెచ్చిన ఒండ్రు రెండు వందల ఏళ్లుగా పేరుకుని, దాదాపు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి తయారైంది. బంగాళాఖాతం అలలకి అది అడ్డుగోడ. దాని లోపలివైపు నీళ్లని కాకినాడ బే అంటారు. దక్షిణాన గౌతమి నుంచి చీలిన కోరంగి ఏరు మడ అడవుల గుండా వచ్చి ఇదే బేలో కలుస్తుంది. అంటే బయటి సముద్రంలోకి వెళ్లకుండానే ఉప్పునీటి మీద, ఏటి మీద ఒకే రోజు తిరగొచ్చు. రంగూన్ వెళ్లిన మన తెలుగువాళ్లని బర్మాలో కోరంగీలు అన్నది ఈ ఏటి ఒడ్డునున్న కోరంగి ఊరి పేరు మీదే. 1839 తుఫానులో ఉప్పెన వచ్చి కొట్టుకుపోయే దాకా ఇది ఓడలు కట్టే పెద్ద రేవు. ఇప్పుడు ఆ ఏటి మీద వెళ్తుంటే అది ఊహకి కూడా అందదు.

ముందు నీళ్ల తేదీ, తర్వాతే రైలు టికెట్

అందరూ తిరగేసి చేస్తారు. సెలవు చూసుకుంటారు, టికెట్లు తీస్తారు, హోటల్ మాట్లాడతారు, చివర్లో ఎవరో "పోటు ఎన్నింటికి?" అని అడుగుతారు.

ముందు నెల. డిసెంబర్ సగం దాటినప్పటి నుంచి ఫిబ్రవరి చివరి దాకా నా ఓటు. అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా తుఫాన్ల భయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం, 61 రోజులు. మనది వేట కాకపోయినా, రేవులో సందడి ఉండదు, ఎండ మాత్రం చంపేస్తుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా గోదావరి వరద. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంత రాకపోయినా ఎర్రనీరు దిగుతున్న రోజుల్లో ఏటి మీద సరదా ప్రయాణం అనే మాటే ఎత్తొద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది అలాంటి వరదలోనే. దాన్ని ధర్మాడి సత్యం బృందం బయటికి లాగేసరికి అక్టోబర్ 22 అయింది.

తర్వాత రోజు. ఇక్కడే అసలు పని. సముద్రం రోజుకి రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పెరగడం పోటు, తగ్గడం పాటు. పోటు ఫలానా గంటకి అంటే నీళ్లు అప్పటికి పూర్తిగా ఎక్కాయని. పుస్తకాల్లో ఆటు అని ఉంటుంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరుంబావు గంటలు వేసుకోండి. రోజురోజుకీ ఇది దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే ఈ శనివారం పొద్దున ఏడింటికి పోటు ఉంటే, వచ్చే శనివారానికి అది ఒంటిగంట దగ్గరికి జరుగుతుంది, ఏడింటికి పాటు ఉంటుంది. "ఈ వారం కుదరలేదు, వచ్చే వారం సేమ్ ప్లాన్" అని గ్రూపులో పెట్టేశారంటే మీ ప్లాన్ మొత్తం తలకిందులైనట్టే. సేమ్ ప్లాన్ కావాలంటే రెండు వారాలు ఆగండి.

గోడ మీద తెలుగు క్యాలెండర్ కూడా పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర, ఇంకా చెప్పాలంటే అవి దాటిన ఒకటి రెండు రోజులకి, నీళ్లు బాగా ఎక్కుతాయి, బాగా దిగుతాయి, పాయల్లో ప్రవాహం జోరుగా ఉంటుంది. సప్తమి, అష్టమి తర్వాత తేడా తక్కువ. కచ్చితమైన టైములకి మాత్రం పోటు పట్టికే చూడాలి. అది ఎక్కడ దొరుకుతుందంటారా? సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన ఊళ్లోనే, నిజాంపేట పక్కన ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. దేశం మొత్తానికీ అలల ఎత్తు, సముద్రపు గాలి, ప్రవాహాల అంచనాలు అక్కడి నుంచే వెళ్తాయి. 2004 సునామీ తర్వాత, 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టింది కూడా అక్కడే. వాళ్ల వెబ్‌సైట్‌లో ఆంధ్ర తీరం చూసుకోండి, వెళ్లే ముందు మూడు రోజుల నుంచీ రోజూ చూడండి.

పోటు పొద్దున పదికీ పన్నెండుకీ మధ్య ఉన్న రోజు ఎంచుకోండి. ఎందుకో కింద తెలుస్తుంది. ఇక నా సొంత గీతలు రెండు: గాలి 15 నాట్లు, అంటే గంటకి 28 కిలోమీటర్లు దాటుతుందని అంచనా ఉంటే ప్రయాణం రద్దు. దీవి బయట అల మీటరు దాటితే దీవి చివర దాటి బయటికి తొంగిచూడ్డం కూడా రద్దు. ఈ మాట వెళ్లే ముందే అందరితో ఒప్పించుకోండి. రేవులో నిలబడి ఓటింగ్ పెడితే ఎప్పుడూ "వెళ్దాం"దే గెలుపు.

బోట్లు మాట్లాడుకోవడం

చేపల బోటు చవగ్గా వస్తుంది, వద్దు. ప్రయాణికుల్ని ఎక్కించుకోవడానికి లైసెన్సు, బీమా ఉన్న బోటే తీసుకోండి, కాగితం కళ్లతో చూడండి. కోరంగి అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి కావాలి. ఏ పాయలోకి వెళ్లొచ్చో, దీవి మీద ఎక్కడ దిగొచ్చో, ఎన్నింటికల్లా వెనక్కి రావాలో కూడా వాళ్లనే అడగండి. అందరి ఆధార్ కాపీలు ఒక కవర్లో పెట్టుకోండి. డ్రోన్ ఇంట్లో పెట్టేయండి.

అద్దె గంట లెక్కా, రోజు లెక్కా, డీజిల్ అందులోనే ఉందా అనేవి ముందే తేల్చుకోవాలి. ఇంకో ప్రశ్న: ట్యాంకులో ఎంత పోస్తారు? పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఇంకో వంతు ముట్టుకోకుండా. ఎదురుగాలిలో ఇంజన్ ఎంత తాగుతుందో ఒడ్డున ఉండి ఊహించలేం.

లైఫ్ జాకెట్లు సొంతవి తీసుకెళ్లండి. బోటులో ఉన్నవి సరిపోతాయని ఒకసారి నమ్మాం. తీరా చూస్తే సగం వాటికి బకిల్స్ లేవు, నాడాతో కట్టుకున్నాం. జాకెట్ మీద 100 న్యూటన్లు (అది తేల్చే బలం) అని ఉండాలి. 50 ఉన్నవి ఈతొచ్చినవాళ్లకి ఒడ్డు దగ్గర పనికొస్తాయి. తొడుక్కున్నాక భుజాల దగ్గర పట్టుకుని వేరేవాళ్లు పైకి లాగాలి. చెవుల దాకా లేచిందంటే అది మీ సైజు కాదు, నీళ్లలో అది తేలుతుంది, మీరు జారిపోతారు.

సాగర్‌లో ఒక ఆదివారం

కాకినాడ ముందు వారం హైదరాబాద్‌లోనే ఒక పూట కేటాయించండి. ఒక కొబ్బరికాయని నీళ్లలోకి విసిరి దాన్ని మనిషనుకుని పట్టుకురావాలి. నవ్వొస్తుంది, మొదటి రెండుసార్లే. కొబ్బరికాయ తల మాత్రమే పైకి కనిపిస్తూ అచ్చం మనిషిలాగే తేలుతుంది, చిన్న అల రాగానే కనపడకుండా పోతుంది. అందుకే మొదటి నియమం: పడ్డాడని అరిచినవాడే వేలు అటు చూపిస్తూ ఉండాలి, ఇంకే పనీ చేయకూడదు, చూపు తిప్పకూడదు. నడిపేవాడు చుట్టూ తిరిగి గాలికి ఎదురుగా నెమ్మదిగా రావాలి, దగ్గరికి రాగానే ఇంజన్ న్యూట్రల్. పంకా (నీళ్లలో బోటుని తోసే ఇంజన్ రెక్కలు) తిరుగుతుండగా మనిషిని లాగడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మా మొదటి ప్రయత్నంలో కొబ్బరికాయ మీదుగానే బోటు పోనిచ్చాం.

మోకు విసరడం, చేతి సైగలు కూడా అప్పుడే. మావి మూడే: చెయ్యి పైకెత్తితే ఆగు, తల మీద చెయ్యి పెడితే మేం బాగున్నాం, రెండు చేతులూ ఊపితే మా దగ్గరికి రండి. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే ఎవరికీ గుర్తుండవు.

ప్రయాణం రోజు, గంటల వారీగా

రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున దిగి నేరుగా బోటెక్కొద్దు. నిద్ర లేని కడుపు బోటులో నిలవదు. ఒక రోజు ముందే దిగి, ఊళ్లో తిరిగి, సరంగుల్ని కలిసి, రాత్రి తొమ్మిదికల్లా పడుకోండి. వాంతుల మాత్ర పడేవాళ్లు డాక్టర్ని అడిగి పడుకునే ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికే. పొద్దున రెండు ఇడ్లీలు, అంతే. కాకినాడ టిఫిన్లు నోరూరిస్తాయి, సాయంత్రానికి దాచుకోండి.

పోటు 11 గంటలకి అనుకుందాం. ఉదయం ఆరున్నరకి జగన్నాథపురం వైపు ఉప్పుటేరు నుంచి బయల్దేరాలి. ముందు బోటులో అందరికంటే అనుభవం ఉన్న సరంగు, చివరి బోటులో మన వాళ్లలో బాగా ఈతొచ్చినవాడు, తాడు, మందుల పెట్టె. నిదానంగా పోయే బోటు ఏదైతే అదే మధ్యలో, దాని వేగమే అందరి వేగం. బేలోకి రాగానే లంగరేసిన ఓడలు కనిపిస్తాయి, బియ్యం బస్తాలు మోసుకుపోయే బార్జీలు వాటి చుట్టూ తిరుగుతుంటాయి. కదిలే ఓడకి ముందునుంచి ఎప్పుడూ అడ్డం పోవద్దు, వెనక నుంచే. వలల గుర్తులు, అంటే థర్మాకోల్ ముక్కలు, ఖాళీ డబ్బాలు, కర్రకి కట్టిన గుడ్డ పేలికలు కనిపిస్తే దూరం అయినా సరే చుట్టూ తిరిగి పోవాలి. పంకాకి వల చుట్టుకుంటే మన ప్రయాణం ఆగడం చిన్న విషయం, ఆ వల ఒక ఇంటి నెల సంపాదన.

ఎనిమిది లోపు హోప్ ఐలాండ్. దిగగానే మనుషుల లెక్క, ఎక్కేముందు మళ్లీ లెక్క. దీవి మీద మత్స్యకారుల ఇళ్లున్నాయి, వాళ్ల ముంగిట్లో ఫోటోలు అడిగి తీయండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు బయటి ఒడ్డున గుడ్లు పెడతాయి, ఆ ఇసుక తవ్వొద్దు, మంటలు వేయొద్దు. అక్కడ ముప్పావు గంట చాలు.

తొమ్మిదిన్నర, పది మధ్య కోరంగి ఏటి మొగలోకి దూరాలి. ఇప్పుడు నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయి, ఏరు మనల్ని లోపలికి తోసుకుపోతుంది, ఇంజన్ తగ్గించేయండి. గాలి పడిపోతుంది, వేడిగా, ఒండ్రు వాసనగా ఉంటుంది. గట్టు పొడుగునా బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు మడ చెట్ల శ్వాసవేళ్లు. బురదలో గాలి ఉండదు కాబట్టి ఊపిరి కోసం అవి పైకి లేస్తాయి. కాస్త ఆగి చూస్తే ఒక్క డెక్క మాత్రమే పెద్దగా ఉన్న చిన్న పీతలు అందరికీ టాటా చెప్తున్నట్టు దాన్ని ఊపుతుంటాయి, వాటి మధ్య కళ్లు నెత్తిమీద పెట్టుకున్న చేపలు బురద మీదే గెంతుతుంటాయి. ఇక్కడ ఎక్కువసేపు ఉండాలనిపిస్తుంది. అందుకే పదకొండుంబావుకి అలారం పెట్టుకోండి.

ఎందుకంటే నీరు దిగడం ఒకే తీరుగా జరగదు. ఆరు గంటల్లో మొత్తం 120 సెంటీమీటర్లు దిగుతుందనుకుంటే, మొదటి గంటలో 10, రెండో గంటలో 20, మూడు, నాలుగు గంటల్లో 30 చొప్పున, తర్వాత 20, చివరికి 10. మొదటి గంట చూసి "అబ్బే, ఏం తగ్గలేదుగా" అనుకుంటాం. మూడో గంటలో కాళ్ల కింద నేల కనిపిస్తుంది.

మేము ఇరుక్కున్న రోజు

ఆ రోజు పోటు తొమ్మిదిన్నరకే. మాకా సంగతి తెలీదు. పన్నెండు దాటాక సరంగు "నీళ్లు తీసేస్తున్నాయండీ, ఇంక కదలాలండీ" అన్నాడు. అవతలి గట్టున నీటికుక్కలు ఆడుకుంటున్నాయి, మా కెమెరా మిత్రుడు "అన్నా, పది నిమిషాలు" అన్నాడు. ఇంకో రెండుసార్లు చెప్పి ఆయన మానేశాడు. డబ్బులిచ్చినవాళ్లతో ఎంతని వాదిస్తాడు. ఒంటిగంటకి ఒక వంపులో బోటు మెత్తగా, చప్పుడు కూడా లేకుండా ఆగిపోయింది. ఒకడు తొయ్యడానికి దిగాడు, తొడల దాకా దిగబడ్డాడు, చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. బోటు ఒక పక్కకి ఒరిగింది. తాగడానికి ముగ్గురికి ఒక సీసా. "ఏం కాదండీ, నీళ్లు వత్తాయి కదా" అని సరంగు తుండు ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు.

ఆయన లెక్క ఆయనకుంది, మాకు తర్వాత అర్థమైంది. పోటు దాటాక ఎన్ని గంటలకి ఇరుక్కుంటే, తర్వాతి పోటుకి సుమారుగా అన్ని గంటల ముందు బోటు లేస్తుంది. మేము మూడున్నర గంటల తర్వాత ఇరుక్కున్నాం, తర్వాతి పోటు రాత్రి పది దాటాక, కాబట్టి సాయంత్రం ఆరుంబావు దాటాక లేచాం, చీకట్లో, దోమల్లో. అదే పోటు దాటిన గంటన్నరకే ఇరుక్కుని ఉంటే ఇంకా ఎక్కువసేపు కూర్చునేవాళ్లం. ఎక్కే నీటిలో ఇసుకెక్కితే మాత్రం టీ తాగేలోపు అదే లేస్తుంది. పాయల్లోకి ఎప్పుడూ ఎక్కే నీటితోనే వెళ్లమనేది ఇందుకే.

అయినా ఇరుక్కుంటే: వెంటనే ఇంజన్ ఆపండి, లేకపోతే అది బురద పీల్చుకుంటుంది. అందరూ బోటు వెనక్కో, తేలుతున్న వైపుకో జరగండి, గడకర్రతో వచ్చిన దారినే వెనక్కి తొయ్యండి, ముందుకి వద్దు. ఐదు నిమిషాల్లో కదలకపోతే ఇక బలం వృథా చేయొద్దు. రెండో బోటు సాయానికని దగ్గరికొస్తే అదీ ఇరుక్కుంటుంది, లోతులోనే ఆగి మోకు విసరాలి.

తిరుగు ప్రయాణం

పన్నెండున్నరకి పాయ బయట, రెండుకి రేవులో. మధ్యాహ్నం దాటేకొద్దీ సముద్రం మీద గాలి పెరుగుతుంది, బేలో లోతు తక్కువ కాబట్టి చిన్న గాలికే పొట్టి పొట్టి అలలు లేచి ముఖాన కొడతాయి. ఫోన్లు, పర్సులు ముందే ప్లాస్టిక్ కవర్లలో పెట్టేయండి. పులిహోర పొట్లాలు పాయలోనే తినేసి ఉండాలి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఉండాలి. బాత్రూం సంగతి ఎవరూ ఎత్తరు, ముఖ్యంగా ఆడవాళ్లు మొహమాటపడి నీళ్లు తాగడం మానేస్తారు, ఎండదెబ్బ తగిలేది అక్కడే. ఎక్కడెక్కడ సదుపాయం ఉందో ముందు రోజే కనుక్కుని అందరికీ చెప్పండి. మందు సీసాలు రేవు దాటి రాకూడదు, ఇందులో చర్చ లేదు.

మడల మధ్య ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం. అందుకని హైదరాబాద్‌లో ఒక మనిషి కావాలి. ఆ మనిషి దగ్గర బోట్ల నంబర్లు, అందరి పేర్లు, సరంగుల ఫోన్లు, దారి, తిరిగొచ్చే టైము రాసి ఉండాలి. ఫలానా టైము దాటి రెండు గంటలైనా మా నుంచి ఫోన్ రాకపోతే కోస్ట్ గార్డ్ 1554కి, మెరైన్ పోలీసుల 1093కి చెప్పాలి. మాకు ఆ మనిషి మా కెమెరా మిత్రుడి అక్క, కూకట్‌పల్లిలో ఉంటారు. రెండో ట్రిప్పులో అంతా పద్ధతి ప్రకారమే చేశాం. రెండుకి రేవు చేరాం, లెక్క చూసుకున్నాం, జాకెట్లు మంచినీళ్లతో కడిగి ఆరేశాం, సరంగులకి డబ్బులిచ్చాం, భోజనాలు చేశాం, కాజాలు కొనుక్కోవడానికి లైన్లో నిలబడ్డాం. నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువగా అక్క నుంచి ఫోన్. "ఒరేయ్, ఒకటీ ఐదూ ఐదూ కొట్టాను, నాలుగు కొట్టే ముందు ఒకసారి నీకు చేద్దామనిపించింది. ఎక్కడున్నార్రా?" మావాడు కాజా నోట్లో పెట్టుకుని ఉన్నాడు, వెంటనే జవాబు కూడా చెప్పలేకపోయాడు.